మా కిటికీకి తెల్లగోడ తెచ్చినవారికి వందనం

రేవుగట్టు మీద మోటార్‌హోములు నిలపకూడదంటూ మా వీధిలో తిరుగుతున్న కాగితం మీద నా సంతకం మాత్రం దొరకదు. దాన్ని పట్టుకొచ్చిన పక్కింటి కోర్నీలియా గారికి కాఫీ ఇచ్చాను, ఒక బిస్కెట్ తీసుకోనిచ్చి డబ్బా మూత పెట్టాను, సగౌరవంగా సాగనంపాను. ఆ చక్రాల ఇళ్లు మా పాలిట వరాలని ఆవిడకి ఎలా చెప్పను?

మీకైనా చెప్తాను. మాకు పెళ్లయి పదకొండు వారాలైంది. మా ఆయన లుబర్ట్ వాళ్ల తాతగారి ఇంట్లో కాపురం పెట్టాం. అగ్గిపెట్టెంత ఇల్లు, దానికి గోడంత కిటికీ. అందులోంచి ఒకప్పుడు రేవు, తెరచాపలు, దీపస్తంభం అన్నీ కనిపించేవట. పడవలు తగ్గి గట్టు బోసిపోతే మున్సిపాలిటీ వారు మోటార్‌హోములకని పన్నెండు గళ్లు గీసి, కరెంటు పెట్టి, మూడు రాత్రులకి మించి ఉండరాదని బోర్డు కట్టారు. ఇప్పుడు మా కిటికీకి మూడు గజాల్లో ఎప్పుడూ ఏదో ఒక మోటార్‌హోము తాలూకు తెల్లగోడ ఉంటుంది.

అయితే నష్టమేమిటి? నీళ్లు ఏ రోజు చూసినా అదే బూడిదరంగు. గోడ అలా కాదు, మూడు రోజులకోసారి మారుతుంది. సోమవారం మా కిటికీ నిండా జర్మన్ల ఉడికించిన గుడ్లు. గురువారం బెల్జియం దంపతుల పేకాట. ఆ భార్య ముక్కలు దాస్తోందని ఆ భర్తకన్నా ముందు మాకే తెలిసింది. ఏ టీవీ చూపిస్తుంది ఇంత దగ్గరగా?

కొత్త జంటకి ఏకాంతం కావాలంటారు కొందరు. మా ఊళ్లో పగలు ముందుగది కర్టెన్ మూశారంటే ఆ ఇంట్లో ఎవరో పోయుండాలి, లేదా సిగ్గుపడాల్సిన పనేదో జరుగుతుండాలి. మొదటివారంలో తెలియక ఓసారి మూశాను. అరగంటలో అత్తయ్య నల్లకోటు వేసుకుని, కేకు పట్టుకుని సైకిలు మీద దిగింది.

"ఎవరే అమ్మాయ్?" అంది గొంతు తగ్గించి.

"ఎవరూ కాదత్తయ్యా. ఎండ కళ్లలో పడుతుంటేనూ..." అన్నాను.

బయట వాన కురుస్తోంది. అత్తయ్య తడిసిన తన కోటు వంకా, ఎర్రబడ్డ కొడుకు చెవుల వంకా చూసి, కేకు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

అప్పట్నుంచీ కర్టెన్లు తెరిచే ఉంటున్నాయి. ఓ ఉదయం లుబర్ట్ రొట్టె మీద చాక్లెట్ తురుము చల్లుకుని తింటుంటే ఓ జంట తలుపు తోసుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డారు. జాలర్ల మ్యూజియం మా ఇంటికి మూడిళ్ల అవతల ఉంది లెండి.

"ఎంత సహజంగా తింటున్నాడో. రోజంతా ఇలాగే కూర్చుంటాడా?" అని నన్నడిగింది ఆవిడ.

"ఆదివారం చర్చికి పంపిస్తామండీ," అన్నాను.

ఇంత ఆదరణ ఏ ఊళ్లో ఏ మొగుడికి దక్కింది?

ఇక కెటిల్ సంగతి. లుబర్ట్ మలుగు చేపలు పట్టే పడవ నాలుగింటికి రేవులోకి తిరుగుతుంది. అప్పుడు ఇల్లాలు కిటికీలో కెటిల్ ఎత్తి చూపాలి. నీళ్లు కాగాయి, వచ్చెయ్యమని. వాళ్లింట్లో మూడు తరాలుగా అదే వాడుక. కెటిల్ కనిపించకపోతే మగవాడు తిన్నగా తల్లి ఇంటికెళ్లి కాఫీ తాగుతాడు. అత్తయ్య ఇల్లు రేవు మూలమీద ఉంది. అక్కడ గళ్లు గీయలేదు.

"నేను ఇంట్లోనే ఉంటానని నీకు తెలీదా?" అని అడిగాను లుబర్ట్‌ని.

"తెలుసు. కానీ అక్కడ అమ్మ కెటిల్ ఎత్తుకుని నిలబడి ఉంటే, చూడనట్టు ఎలా వచ్చేది?"

అలా పదకొండు వారాలుగా మా ఆయన సాయంత్రం కాఫీ వాళ్లమ్మ దగ్గరే. నేను మాత్రం రోజూ నాలుగింటికి తెల్లగోడకి కెటిల్ చూపిస్తూనే ఉన్నాను. పోయిన వారం ఆ గోడలోంచి డోర్ట్‌మండ్ నుంచి వచ్చిన ఎర్నా గారు తనూ ఓ కెటిల్ ఎత్తింది. ఈ ఊళ్లో పలకరింపు ఇలాగే కాబోలనుకుంది. మర్నాడు భర్తని కూడా పిలిచి ఎత్తించింది. మూడో రోజు తలుపు తీసింది.

"రోజూ పిలుస్తున్నావు, కాఫీ మాత్రం ఇవ్వవు. నువ్వే రా అమ్మాయ్," అంది.

వెళ్లి విషయం చెప్పాను. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని అటువైపు కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. రేవు మొత్తం అక్కడుంది. దీపస్తంభం, కొంగలు, నీళ్లు, నీళ్ల మీద మా ఆయన. అన్నట్టు ఆ నీళ్లు బూడిదరంగు కాదు. నేను కెటిల్ ఎత్తాను. లుబర్ట్ మూలమీది కిటికీ వంక చూశాడు, నా వంక చూశాడు, టోపీ తీసి ఊపాడు.

ఆ రోజు కాఫీ మోటార్‌హోములోనే తాగాం. కప్పులు ఖాళీ అయ్యాక ఎర్నా గారు భర్తని లేపి, "మనం చేపలు కొనుక్కోవాలి, చాలాసేపు పడుతుంది," అంటూ వెళుతూ వెళుతూ కర్టెన్లు మూసేసింది. ఎవరు పోయారని ఊళ్లో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య వచ్చింది.

"నిన్న వాడు కాఫీకి రాలేదేం?"

"నా దగ్గర తాగాడత్తయ్యా."

"మీ కిటికీ కనిపించదుగా?"

"నిన్న కనిపించింది."

ఆ మధ్యాహ్నమే ఎర్నా గారి మూడు రాత్రులూ అయిపోయాయి. ఆ గడిలోకి మరో గోడ వచ్చింది, ఇంకా పొడుగైనది.

కాబట్టి మున్సిపాలిటీ వారికి నా విన్నపం ఒక్కటే. మోటార్‌హోములను వెళ్లగొట్టొద్దు. వాళ్లతో పాటు మేమూ మీ అతిథులమవుతాం. మా కిటికీ ఎదుటి గడి మా పేర రాయండి. మూడేసి రాత్రుల చొప్పున, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వరసలో నిలబడి తీసుకుంటాం.

అందులో మేం ఏమీ నిలపం.