చైర్మన్‌గారి ఇరవైమూడు నిమిషాలు

రాష్ట్ర అభిరుచి అభివృద్ధి సంస్థ చైర్మన్ కొమురయ్యగారు ఏప్రిల్ మొదటి సోమవారం నాడు జనగామలో విలేకరుల సమావేశం పెట్టి, మూడు జిల్లాల ప్రజల చెవులను అంతర్జాతీయ స్థాయికి తీసుకుపోయే బాధ్యత ఇక తనదేనని ప్రకటించారు. సమావేశానికి వచ్చిన పదకొండు మందిమీ చప్పట్లు కొట్టాం. మహబూబాబాద్ నుంచి ఓ దినపత్రికకు వార్తలు రాసే నేను మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువసేపే కొట్టాను.

ఈ సంస్థ గురించి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఎన్నికలయ్యాక ఉన్న పదవులన్నీ పంచిపెట్టగా కొమురయ్యగారొక్కరు మిగిలిపోయారు. అంతటి మనిషిని ఊరికే వదిలేయడానికి ప్రభుత్వానికి మనసొప్పక ఆయన కోసం ఒక సంస్థను కనిపెట్టింది. క్యాబినెట్ హోదా ఇచ్చింది, కారిచ్చింది, శామ్యూల్ అనే పీఏను ఇచ్చింది. పని మాత్రం ఇవ్వలేదు. దాన్ని ఆయనే వెతుక్కున్నారు. పని వెతుక్కునే నాయకుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఆ పని దొరికిన తీరు కూడా గొప్పదే. హైదరాబాదులో ఒక చానెల్ వాళ్లు సారును ఇంటర్వ్యూ చేశారు. "మీరు ఎలాంటి సంగీతం వింటారు సార్?" అని యాంకరమ్మ అడిగింది. సారు కాసేపు ఆలోచించి, ఎదురుగా నిలబడ్డ కెమెరామన్ టీషర్టు వైపు చూసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ "క్లాక్‌మేకర్స్ ఆర్చర్డ్" అన్నారు. అది యాభై ఏళ్ల కింద ఇంగ్లండులో ఐదుగురు జులపాల మనుషులు చేసిన రికార్డు. ఆ రకం పాటల్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారట. రికార్డుకు ఒక వైపంతా ఒకటే పాట, ఇరవైమూడు నిమిషాలు. అందులో మొదటి తొమ్మిది నిమిషాలు మాటే ఉండదు. రెండో వైపు ఐదు చిన్న పాటలు. యాంకరమ్మ కళ్లు పెద్దవి చేసి, ఏ వైపు బాగుంటుందని అడిగింది. సమయం వచ్చినప్పుడు చెప్తానని సారు నవ్వారు.

నాయకుడు ఎటూ తేల్చకపోతే కార్యకర్తలకు చేతినిండా పని. వారం తిరిగేసరికి కొడకండ్లలో మహిళా విభాగం అధ్యక్షురాలు స్రవంతి 'మొదటి వైపే మా ఊపిరి' అని ఫ్లెక్సీ కట్టించింది. తెల్లారేసరికి మొగుళ్లపల్లి మండల అధ్యక్షుడు కృపాకర్ దానికంటే రెండడుగులు పొడుగైన ఫ్లెక్సీ మీద రెండో వైపుకు జై కొట్టించాడు. ఆ బ్యాండులో అసలు డ్రమ్ములవాడు వెళ్లిపోయాక సంగీతం చెడిపోయిందని, ఉన్నచోట ఉండనివాణ్ణి నమ్మరాదని గూడూరులో మూడో వర్గం ఒకటి పుట్టింది. మూడు పార్టీలు మారి వచ్చిన సారు మనసు నొచ్చుకుంటుందని ఎవరో చెప్పడంతో అది మధ్యాహ్నానికల్లా రద్దయింది.

ఇద్దరు నాయకులూ ఒకరోజు జనగామ గెస్ట్‌హౌసులో ఎదురుపడ్డారు.

"తొమ్మిది నిమిషాలు మాట్లాడకుంట ఉండుడు మామూలు ముచ్చటనా?" అంది స్రవంతి. "మా కొమురయ్యన్న అసెంబ్లీల ఐదేండ్లు గట్లనే ఉండె. గది నాయకత్వం."

"ఇరవైమూడు నిమిషాలు ఒక్క పాటే గుంజుకుంటే మిగతా పాటలు యాడ వోవాలె?" అన్నాడు కృపాకర్. "మా దిక్కు ఐదు పాటలున్నయ్. ఐదుగురికి అవకాశమిచ్చినట్టు. అన్నీ చిన్న, సన్నకారు పాటలే."

"అక్కా, ఇంతకూ నువ్వు విన్నావా?" అని నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇనుడేంది? ఫ్లెక్సీ కట్టిచ్చిన గద!"

"నేను ఇన్న," అన్నాడు కృపాకర్ గర్వంగా. "ఫోన్ల పెట్టిన. ముందుగాల సిమెంటు బలం గురించి చెప్తడు. మస్తున్నది. గంతల చార్జింగ్ అయిపోయింది."

ఈ మేధోమథనాన్ని గమనించిన సారు జూన్ పదిన మహబూబాబాద్‌లో 'శ్రవణ సభ' పెట్టించారు. రికార్డును అందరి ముందూ వినిపిస్తారు. దాని మీద మంచి అభిప్రాయం చెప్పిన ఊరికి, ఆ ఊరు కోరిన పని ఒకటి సారు దగ్గరుండి మంజూరు చేయిస్తారు. ఈ వార్త నేనే రాశాను.

అది చదివించుకుని జైసింగ్ నా దగ్గరికి వచ్చాడు. గూడూరు అవతల అడవి అంచున ఉన్న తండాకు ఆయన పెద్దమనిషి. తండాకూ రోడ్డుకూ మధ్య ఒక వాగు. వానలు ముదిరితే అటువాళ్లు అటే. నాలుగు పైపులు వేసి కల్వర్టు కడితే తీరిపోయే బాధకు ఆయన పదకొండు సార్లు అర్జీ పెట్టాడు. ఇప్పుడు కోడలు శోభ కడుపుతో ఉంది. కాన్పు శ్రావణంలో. దవాఖాన వాగుకు ఇవతల.

"సారూ, గా ఇంగ్లీషు పాట యాడ దొరుకుతది?"

"ఎందుకన్నా?"

"అభిప్రాయం చెప్పాల్నంటే ముందుగాల ఇనాలె గద."

నేను ఈ వృత్తిలోకి వచ్చి ఇరవై ఏళ్లు. ఈ సిద్ధాంతం నా చెవిన పడటం అదే మొదటిసారి.

వాకబు చేస్తే మూడు జిల్లాల్లో ఆ రికార్డు ఒక్కచోటే ఉందని తేలింది. భూపాలపల్లిలో, బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పౌలు ఇంట్లో. బదిలీ అయి వెళ్లిపోతూ ఒక ఇంజనీరు ఆయనకు మెషీనూ రికార్డూ ఇచ్చి పోయాడట. బస్సులు మారి ఇద్దరం వెళ్లాం. పౌలు రికార్డును అంచులు పట్టుకుని బయటికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మెషీన్ మీద పెట్టాడు.

"ముప్పై ఏండ్లసంది గిదే లొల్లి," అంది ఆయన భార్య సారమ్మ చాయ్ గ్లాసులు అందిస్తూ. "క్రిస్మస్ పండుగకు గూడ గిదే. రెండో దిక్కు మూడో పాట ఒక్కటి మంచిగుంటది. మిగిలినయి ఆయినకే అంకితం."

"దానికి ఓపిక లేదు," అన్నాడు పౌలు. "మొదటి దిక్కు ఇనాల్నంటే ఓపిక గావాలె."

జైసింగ్ కుర్చీ వద్దని నేల మీద కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఇరవైమూడు నిమిషాలు కదల్లేదు. నాకు మాత్రం మధ్యలో రెండుసార్లు కునుకు పట్టింది.

పాటయ్యాక ఆయన మెల్లగా అన్నాడు. "నడుమ ఒకడు ఒంటిగ డప్పు గొడ్తడు సూడు. ఆడ ఆడు అలిసిపోయిండు. చెయ్యి గుంజుతుంది ఆనికి. అయినా ఆపలే. మిగిలినోళ్లు అచ్చి అందుకునేదాక ఒక్కడే మోసిండు."

పౌలు సారమ్మ వైపు చూశాడు. "గిన్నేండ్లు ఇన్న. నాకు గది తెల్వకపాయె."

"ఆఖర్ల పాడేటోడు ఎవల్నో ఇడిసిపెట్టి పోతుండు పౌలన్నా. మా తండల పెండ్లిపిల్ల అత్తగారింటికి పోంగ ఏడ్సుకుంట రాగం తీస్తది. గిట్లనే ఉంటది. మాటలు ఎర్కలేకున్నా బాధ ఎర్కైతది. మల్లొక్కసారి పెట్టరాదు?"

పౌలు మళ్లీ పెట్టాడు. ఈసారి సారమ్మ కూడా గడప మీద కూర్చుని వింది. ఆ ఇంట్లో ఆ పూట నాకు చాలా హాయిగా అనిపించింది. ఎందుకో కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

జూన్ పది రానే వచ్చింది. మన సభల్లో ఒక మంచి ఆనవాయితీ ఉంది. సంతకాలు ముందు, తీర్మానం తర్వాత. జనం చివరిదాకా కూర్చోరు కాబట్టి పెద్దలు పెట్టిన పద్ధతి అది. పీఏ శామ్యూల్ తెల్లకాగితాల కట్ట పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. "ముందుగాల ఏలుముద్రలు, మల్ల భోజనం టోకెన్," అని ఒక్కొక్కరినే లోపలికి పంపాడు. జైసింగ్ తండా నుంచి రెండు ట్రాక్టర్ల మీద వచ్చిన నూట ఎనభై మందీ వేలిముద్రలు వేశారు.

పౌలు మెషీన్‌ను వేదిక ఎక్కించారు. పౌలుకు పాస్ లేనందువల్ల ఆయన్ను గేటు బయటే ఆపారు. 'ఆర్చర్డ్' అంటే పళ్లతోట కాబట్టి ఉద్యానశాఖ అధికారి మామిడి అంట్ల ఫైలుతో సహా హాజరయ్యాడు. శామ్యూల్ స్వయంగా సూది పెట్టాడు. సారు కళ్లు మూసుకున్నారు. వేదిక మీద ఉన్నవాళ్లందరూ వెంటనే మూసుకున్నారు.

నాలుగో నిమిషం దాకా పాట బాగానే సాగింది. ఆ తర్వాత "టింగ్ టింగ్ టడాం" అనే ముక్క వచ్చింది. మళ్లీ వచ్చింది. పది నిమిషాలైనా అదే వస్తూ ఉంది. సారు తల ఆడిస్తూనే ఉన్నారు. స్రవంతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. రెండో వైపు వర్గమైనా కృపాకర్ కూడా హుందాగా తొడ మీద తాళం వేశాడు. "ఈ పునరుక్తిలోనే ఉందండీ తాత్వికత అంతా," అని నా పక్కనున్న డిగ్రీ కాలేజీ లెక్చరర్ నోట్సు రాసుకున్నాడు. నేనూ రాసుకున్నాను.

పదిహేనో నిమిషంలో జనం మధ్య నుంచి జైసింగ్ లేచాడు.

"అయ్యా, సూది ఇరికింది."

వేదిక మీద అందరి కళ్లూ తెరుచుకున్నాయి.

"ఏందీ?" అన్నారు సారు.

"సూది ఇరికింది సారు. అప్పటిసంది గదే ముక్క దిరుగుతుంది. దీని ఎన్క పిల్లనగ్రోవి రావాలె. రాలే."

"ఎవలన్న సూది లేపుండ్రయ్యా! నా రికార్డు ఖరాబైతుంది!" అని గేటు బయటి నుంచి పౌలు కేక వినపడింది.

టింగ్ టింగ్ టడాం. సాధారణ నాయకుడైతే అక్కడ తడబడేవాడు. సారు మైకు అందుకున్నారు.

"శభాష్! గిదే సూద్దామనుకున్న. ఎవలన్న చెప్తరా, చెప్పరా అని నేనే పరీక్ష వెట్టిన. మూడు జిల్లాలల్ల ఒక్కడు పాసయిండు!"

చప్పట్లతో టెంటు ఊగింది. కళ్లు మూసుకుని ఫెయిలైన అధికారులు అందరికంటే గట్టిగా కొట్టారు. సారు జైసింగ్‌కు శాలువా కప్పి, "ఏం గావాలె నీకు?" అని అడిగారు.

"వాగు మీద కల్వర్టు సారు. వానలు ముదరకముందే గావాలె. కోడలికి శ్రావణంల కాన్పు."

సారు పన్నెండో అర్జీ మీద 'తక్షణమే' అని రాసి సంతకం పెట్టారు. జైసింగ్ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆ ఫోటో నేనే తీశాను.

ఆ తర్వాత ఫైలు పరుగెత్తింది. కల్వర్టు వేరే శాఖది కాబట్టి అభిరుచి సంస్థ దాని జోలికి పోకూడదు. సంస్థ నిబంధనల ప్రకారం కట్టదగినది ఒక్కటే, శ్రవణ కేంద్రం. అంతమాత్రాన సారు ఇచ్చిన మాట తప్పుతారా? నూట ఎనభై వేలిముద్రలున్న తెల్లకాగితాలు శామ్యూల్ దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. మా తండాకు తక్షణమే శ్రవణ కేంద్రం కావాలని వాటి మీద చక్కటి దస్తూరితో ఏకగ్రీవ తీర్మానం రాశాడు.

పది రోజుల్లో జైసింగ్ ఫోనుకు మెసేజ్ వచ్చింది. చదివి పెట్టమని నా దగ్గరికి తెచ్చాడు. "మీ అర్జీ పరిష్కరించబడింది. సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి."

"కల్వర్టు అచ్చినట్టేనా సారూ?"

నాకు తీర్మానం సంగతి తెలుసు. "పరిష్కరించామనే ఉందన్నా," అన్నాను. ఆయన సంతోషంగా ఒకటి నొక్కాడు.

శ్రావణ మాసం రెండో శుక్రవారం ప్రారంభోత్సవం. ఇటుకల లారీ వాగు దాటలేకపోవడంతో కేంద్రాన్ని రోడ్డు వైపే కట్టారు. రేకుల కప్పు, రెండు కిటికీలు, సారు నిలువెత్తు బొమ్మ. మూడు రోజులుగా వాన. వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారుతోంది. లబ్ధిదారులు అవతలి గట్టునే ఉండిపోవడం వల్ల వాళ్ల సౌకర్యార్థం రెండు పెద్ద స్పీకర్లను వాగు వైపు తిప్పి పెట్టించారు. పౌలు రికార్డు ఇవ్వనన్నాడు కాబట్టి శామ్యూల్ ఫోనులోంచి పాట పెట్టాడు. సారు గొడుగు కింద రిబ్బన్ కత్తిరించారు.

అప్పుడే అవతలి గట్టున జనం కనిపించారు. నలుగురు ఒక మంచం మోసుకొస్తున్నారు. మంచం మీద దుప్పటి, దాని మీద ప్లాస్టిక్ పట్టా. జైసింగ్ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులూ ఊపుతూ మా వైపు చూసి అరుస్తున్నాడు. వాగు హోరులో, పాట హోరులో ఒక్క ముక్కా వినపడలేదు.

"ఏమంటుండు?" అని సారు అడిగారు.

స్రవంతి చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది. "మొదటి దిక్కే మంచిగున్నదంటుండు అన్నా."

"కాదన్నా," అన్నాడు కృపాకర్. "రెండో దిక్కు వెట్టుమంటుండు."

సారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. కార్యకర్తల మనసు నొప్పించడం ఆయనకు చేతకాదు.

"రెండు దిక్కులూ వెట్టుండ్రి," అన్నారు. "జర సౌండు వెంచుండ్రి. ఆయనకు ఇనస్తలేనట్టుంది."