ప్రహ్లాద్ గారి పోలీసు సమావేశం

ఆ ఆదివారం ప్రహ్లాద్ గారి ప్లాను చాలా చిన్నది. అశోక్‌నగర్‌లో భద్రత గురించి కాలనీవాసుల అభిప్రాయాలు తీసుకుంటామని పోలీసులు చెప్పారు. తన గేటు పక్కనున్న బీరమ్మ చాయ్ బండిని తీసేయమని పదిమంది చేత చెప్పించాలి, ఆ ఖాళీలో తన కారు పెట్టుకోవాలి. ఇప్పుడా కారు గల్లీ మలుపులో ఉంటూ వారానికో గీత పడేసుకుంటోంది.

యాభై మందైనా రాకపోతే సమావేశం లేనట్టేనని ఎస్సై రాఘవేందర్ ముందే చెప్పాడు. ఆదివారం పూట కాలనీవాళ్లు మంచం దిగరు. అందుకని ప్రహ్లాద్ గారు జిరాక్సు సెంటర్ గోడకు ఒక కాగితం అంటించారు: "ఆదివారం పది గంటలకు కమ్యూనిటీ హాలులో పోలీసు సమావేశం. ఆధార్ తప్పనిసరి. చాయ్ ఇవ్వబడును." ఆధార్ ఆయన సొంత తెలివి, బయటివాళ్లు రాకుండా.

వీధికి నాలుగు ప్రభుత్వోద్యోగాల కోచింగ్ సెంటర్లున్న చోట పోలీసు, ఆధార్ అనే మాటలు ఒకే కాగితం మీద కనిపిస్తే ఏమవుతుందో ఇరవై ఏళ్లుగా అక్కడే ఉంటున్న మనిషికి తట్టాల్సింది. పది కాకముందే మూడు వందల మంది సర్టిఫికెట్ల ఫైళ్లతో వరుస కట్టారు. పరుగు పరీక్ష కూడా ఉంటుందేమోనని కొందరు బూట్ల లేసులు బిగించుకుంటున్నారు.

ఎన్ని పోస్టులని అనిత అనే అమ్మాయి అడిగింది. పోస్టుల్లేవని, ఇక్కడి ఇబ్బందులు రాసివ్వమని ఎస్సై కాగితాలు పంచాడు. వీళ్లంతా హాస్టళ్ల వాళ్లని ప్రహ్లాద్ గారు అడ్డుపడ్డారు.

"ఈడ కిరాయికుండెటోళ్లు గూడ ఈడోళ్లే గద సార్," అన్నాడు ఎస్సై.

మూడు వందల చాయ్‌లు అప్పటికప్పుడు పెట్టగలిగేది బీరమ్మ ఒక్కతే. ప్రహ్లాద్ గారే వెళ్లి, జీవితంలో మొదటిసారి ఆమెను "అక్కా" అని పిలిచి బతిమాలుకున్నారు.

ఆయన తిరిగొచ్చేసరికి అనిత లేచి మాట్లాడుతోంది.

"చిక్కడపల్లి లైబ్రరీ నుంచి చీకటైనంక వస్తం సార్. బీరమ్మక్క బండి కాడ లైటుంటది, మనుషులుంటరు. మలుపుల ఎవరిదో కారు అడ్డముంటది. దాని ఎనక ఎవడు నిలవడ్డా కానరాడు. గాడనే మాకు భయం."

మిగతావాళ్లు రాసిచ్చిన కాగితాల్లోనూ అదే ఉంది. ఎవరి కారని ఎస్సై అడిగాడు. ప్రహ్లాద్ గారికి నిజంగానే సిగ్గేసింది. ఇన్నాళ్లూ కారుకు పడ్డ గీతలే చూశారు గానీ, దాన్ని దాటుకుంటూ వెళ్లే పిల్లల్ని చూడలేదు.

"నాదే," అన్నారు లేచి నిలబడి.

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంతమందిని కూడగట్టి, సొంత తప్పునూ ఒప్పుకున్న ఇలాంటి పెద్దమనిషే కావాలంటూ ఎస్సై ఆయన్ను అక్కడికక్కడే భద్రతా కమిటీకి అధ్యక్షుణ్ణి చేశాడు.

అధ్యక్షుడి హోదాలో ప్రహ్లాద్ గారు సంతకం చేసిన మొదటి నోటీసు, కారు తీయమని ప్రహ్లాద్ గారికే వచ్చింది.