పెళ్లికారులో చేపల ఐసు

మా ఇంట్లో నాకంటే పెద్ద తలనొప్పి ఏదైనా ఉందంటే అది నా పాత అంబాసిడర్. మా తెల్లాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో అందరివీ చప్పుడు చేయని కరెంటు కార్లు. నాది మలుపు తిరగకముందే వాచ్‌మన్ లేచి గేటు తీస్తాడు. దాన్ని నేను ముద్దుగా ‘పెద్దాయన’ అంటాను. మా ఆవిడ స్టెల్లా ఏమంటుందో ఇక్కడ రాయడం బాగుండదు.

శనివారం స్టెల్లా చెల్లెలు మెర్సీ పెళ్లి. పెళ్లికూతురు చర్చికి పెద్దాయనలోనే వస్తుందని నలుగురిలో మాటిచ్చేశాను. అసలే మే నెల.

“ఏసీ పనిచేస్తుందా అండీ?” అంది స్టెల్లా.

“మస్తు చల్లగుంటది. ఫికర్ చెయ్యకు.”

“గురువారం అమ్మా, మెర్సీ, నేనూ ఎక్కి చూస్తాం. పెళ్లికూతురి మొహాన చెమట పట్టిందో, పెద్దాయన ఆ హోటలువాళ్ల పాలే.”

గచ్చిబౌలిలో ఎవరో కొత్త హోటలు పెడుతున్నారు. పెద్దాయన పైకప్పు కోసేసి, లోపల టేబులు వేసి బిర్యానీ వడ్డిస్తామని నా వెంట పడుతున్నారు. నా కారులో ఎవడో కూర్చుని ఎముకలు కొరకడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చింది.

అసలు సంగతేంటంటే, ఏసీ అప్పటికే మొరాయిస్తోంది. స్విచ్ వేస్తే కంప్రెసరు క్లచ్ గట్టిగా పట్టుకుని దాన్ని తిప్పాలి. మాది పట్టుకున్నట్టే పట్టుకుని జారిపోతోంది. పైగా కీచుమని అరుపు, కాలిన వాసన. పుప్పాలగూడ మెకానిక్ లింగమూర్తి ఒక చెవి వేసి విన్నాడు.

“క్లచ్ జారుతున్నది సార్. ఎందుకు జారుతున్నదో సూడాలంటే బండి ఇడిసిపెట్టి పోవాలె.”

బండి కనపడకపోతే స్టెల్లాకి అనుమానం రాదూ? వెనక్కి తెచ్చేశాను.

అప్పుడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. ముందు సీటు కింద థర్మాకోల్ పెట్టె, దాని నిండా ఐసు, వెనక చిన్న ఫ్యాను. ఇక చల్లగాలే! వైరింగంటే నాకు భయం లేదు. పోయిన నెలే పెళ్లి పాటల కోసం పెద్ద యాంప్లిఫయరు స్వయంగా బిగించాను. బ్యాటరీ దాకా వైరు లాగడానికి బద్ధకమేసి ఏసీ వైరుకే కలిపాను. ఫ్యానునీ అక్కడే కలిపేశాను.

అంత ఐసు ఎవరిస్తారు? చేపల కొట్టు ఎల్లయ్య ఇచ్చాడు. “కడిగిన పెట్టెనే సార్” అన్నాడు. నమ్మాను.

గురువారం బయల్దేరాం. దారిలో దర్జీ దగ్గర ఈ పెళ్లికి కుట్టించుకున్న నా సూటు తీసుకుని డిక్కీలో పడుకోబెట్టాను. మెర్సీ తన ముసుగు పొడవు చూసుకోవాలని అదీ వేసుకుంది. వెనక మా అత్తగారు మార్తమ్మ, చేతిలో బైబిలు, ఒంటి మీద పట్టుచీర.

“ఊటీలో ఉన్నట్టుంది అల్లుడుగారూ!” అంది అత్తగారు.

ఆ మెప్పుకి పొంగిపోయి పాటల సౌండు పెంచాను. పెంచగానే ఇంజన్ ముందు నుంచి కీఁ...చ్!

“ఏంటండీ ఆ అరుపు?”

“కోరస్.”

ఆఫీసులు వదిలే వేళ. గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కకముందే ట్రాఫిక్ ఆగిపోయింది. అత్తగారు ముక్కు ఎగబీల్చింది.

“ఎవరో చేపల పులుసు పెడుతున్నట్టున్నారే!”

“అద్దాలన్నీ వేసే ఉన్నాయి కదమ్మా” అంది మెర్సీ. తర్వాత ముసుగు వాసన చూసుకుని “బావా!” అని కేక పెట్టింది.

ఇంతలో సీటు కింది నుంచి నీళ్లు పారాయి. ఆ నీళ్లలో ఈదుకుంటూ ఒక రొయ్య వచ్చి అత్తగారి కాలి బొటనవేలి మీద విశ్రమించింది.

“యేసయ్యా!”

కారు పక్కకు ఆపాను. స్టెల్లా వంగి పెట్టె బయటికి లాగింది.

“ఇదేంటండీ?”

“బ్యాకప్.”

తను పెట్టెను తీసుకెళ్లి డిక్కీలో పడేసింది. తిన్నగా నా సూటు మీద. తర్వాత బానెట్ ఎత్తించి, అచ్చం నా గొంతుతోనే అడిగింది.

“ఇంట్లో కూర్చుని రోజూ ఫోన్లో మీ ఆఫీసు పిల్లల మీద అరుస్తారుగా, ‘లాస్ట్ ఏం మార్చినవ్? ముందుగాల అది పీకెయ్!’ అని. ఇప్పుడు చెప్పండి. ఏసీ పాడయ్యే ముందు మీరేం మార్చారు?”

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో మాత్రమే గెలిచే రకం. యాంప్లిఫయరు వైపు వేలు చూపించాను.

స్టెల్లా ముందు ఫ్యాను వైరు పీకింది. అరుపు సన్నబడింది. యాంప్లిఫయరు వైరు పీకింది. పాట గుటుక్కుమంది. మరుక్షణం టక్కున క్లచ్ పట్టుకుంది. కరెంటంతా ఆ రెండే మింగేస్తుంటే పాపం, దానికి పట్టు ఎక్కడిది? అత్తగారి చీర కొంగు రెపరెపలాడింది. నిజమైన చల్లగాలి!

పెద్దాయన బిర్యానీ గండం గడిచింది. నా కళ్లు చెమర్చాయి. చేపల వాసనకి అనుకుని స్టెల్లా రుమాలు ఇచ్చింది.

శనివారం పొద్దున్న కడిగి, పూలు చుట్టిన పెద్దాయనలో వెనక మెర్సీ, అత్తగారు కూర్చున్నారు. స్టీరింగు దగ్గర స్టెల్లా.

“నేను యాడ కూసోవాలె?” అన్నాను.

“మీకు బైక్ టాక్సీ పిలిచానండీ. చర్చి దాకా దీన్లో కొత్తగా ఏదీ కలపకూడదు.”

ముందు సీటు ఖాళీగా ఉంది. దాని మీద పూలబుట్ట పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సూటే వేసుకుని బైకెక్కాను. కొంచెం దూరం పోయాక ఆ డ్రైవరు గాలి పీల్చి, వెనక్కి తిరిగి అడిగాడు.

“సార్, జర చెప్పున్రి. చేపలు గిట్ట తీస్కపోతున్నరా?”