ఇంటికో వ్యాన్ కావాలి

సొంతిల్లు కట్టుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఇల్లు ఒకచోటే ఉంటుంది. పొద్దున్నే కిటికీ తెరిస్తే నిన్న కనిపించిన ఎదురింటి గోడే ఇవాళా కనిపిస్తుంది. అదే చక్రాలున్న ఇల్లయితే? రోజుకో గోడ చూడొచ్చు. నా మాట మీద నమ్మకం కుదరకపోతే, గవర్నర్‌పేట సొలొమోను గారి సంగతి వినండి.

సొలొమోను గారికి ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే షాపుంది. ఏడాదిపాటు ఫోన్‌లో క్యాంపింగ్ వీడియోలు చూసి చూసి, స్కూలు పిల్లల్ని మోసి మోసి అలిసిపోయిన పాత వ్యాన్ ఒకటి కొన్నారు. సీట్లు పీకించి మంచం వేయించారు. స్టవ్వు, సింకు, పైన నీళ్ల ట్యాంకు, వెనకమూల ఓ చిన్న టాయిలెట్. ఆయన భార్య డయానా గారు లెక్కల టీచరు. వ్యాన్ అంతా కలియజూసి, "కర్టెన్లు ముదురు రంగువి వేయించాల్సింది" అని మాత్రం అన్నారు.

మొదటి ప్రయాణం చల్లపల్లి వైపు. కాలవ గట్టున ఆపుకున్నారు. వీడియోల్లో అయితే మనిషి కాఫీ కప్పు పట్టుకుని ఒంటరిగా సూర్యోదయం చూస్తాడు. ఇక్కడ కాఫీ పొంగేలోపే ఓ పెద్దాయన వచ్చాడు. "కంటి పరీక్షలా అండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మెట్టెక్కి కూర్చున్నాడు. ఆయన వెనక మరికొందరు వరసగా నిలబడ్డారు.

"పరీక్షలు కాదండీ. ఊరికే ఉండటానికొచ్చాం."

"ఇల్లు లేదా అండీ?"

"ఉందండీ, విజయవాడలో."

"మరి?"

సొలొమోను గారు పొంగుతున్న కాఫీ దించడానికి లోపలికెళ్లారు. పెద్దాయన జాలిపడి, ఇంటికెళ్లి గిన్నెడు గేదె పెరుగు పంపించాడు. చూశారా? అపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్లున్నా పక్క ఫ్లాట్ వాళ్లు చెంచాడు పెరుగు ఇచ్చారా? వ్యాన్ వల్ల ఇలాంటి లాభాలుంటాయి.

రెండోసారి కొల్లేరు పక్షుల్ని చూద్దామని బయల్దేరారు. హనుమాన్ జంక్షన్ దాటాక రోడ్డు పక్క హోటల్ దగ్గర టీకి ఆగారు. సొలొమోను గారు వ్యాన్ ముందు నిలబడి, ప్రయాణానికి పనికొచ్చే చిట్కాల మీద తనే ఓ వీడియో తీసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడే ఓ టూరిస్ట్ బస్సు వచ్చి ఆగింది.

మగవాళ్లు దిగి, ఎవరినీ ఏమీ అడక్కుండా గోడ వెనక్కి వెళ్లిపోయారు. ఆడవాళ్లు హోటల్ టాయిలెట్ దాకా వెళ్లి, తాళం చూసి వెనక్కొచ్చారు. "తాళంచెవి ఉన్నాయన భోజనానికెళ్లాడమ్మా" అన్నాడు కౌంటర్ దగ్గరి మనిషి. ఎప్పుడొస్తాడో అతనికీ తెలీదు.

వాళ్లలో ఓ పెద్దావిడ, పేరు వెంకటరత్నమ్మ, వ్యాన్ తలుపు దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "అమ్మాయ్, లోపల బాత్రూమ్ గానీ ఉందా?"

"ఉందండీ, రండి" అన్నారు డయానా గారు.

బయటికొచ్చాక ఆవిడ మెట్టు మీద కూర్చుని మంచినీళ్లడిగింది. గ్లాసు ఖాళీ చేసి మళ్లీ అడిగింది. "పొద్దున బస్సెక్కిన దగ్గర్నుంచీ గుక్కెడు తాగలేదమ్మా. తాగితే ఎక్కడ దిగాలి?" అంది. తర్వాత బస్సు వైపు చెయ్యూపింది. అంతే, వ్యాన్ ముందు క్యూ కట్టారు. ఓ నిండు గర్భిణిని అందరూ ముందుకు పంపించారు.

సొలొమోను గారు వీడియో ఆపేసి భార్య చెవిలో అన్నారు. "ట్యాంకులో నీళ్లు రేపటిదాకా రావాలి."

"అయిపోతే పట్టుకురండి."

"మరి కొల్లేరు?"

"పక్షులెక్కడికి పోతాయి?"

అవి వలస పక్షులు కాబట్టి పోతాయని ఆయనకు తెలుసు. అయినా బకెట్ తీసుకుని హోటల్ కుళాయి దగ్గరికి నడిచారు.

"ఎందుకండీ ఇన్ని నీళ్లు?" అన్నాడు కౌంటర్ మనిషి.

"మీ కస్టమర్లకేనండీ."

ఆ బస్సు కదిలేలోపు ఇంకో బస్సు వచ్చింది. దాని వెనక పెళ్లివారి వ్యాను. ఎండ వాలేసరికి కౌంటర్ మనిషి అలవాటుపడిపోయాడు. "టాయిలెట్టా అమ్మా? అదిగో, ఆ తెల్ల వ్యాన్" అని తనే చెయ్యెత్తి చూపిస్తున్నాడు. తాళంచెవి ఉన్నాయన భోజనం నుంచి వచ్చి, క్యూ చూసి, నిశ్చింతగా మళ్లీ వెళ్లిపోయాడు.

పక్షుల్ని చూడనేలేదు. జనం పలచబడ్డాక ఇద్దరూ మెట్టు మీద కూర్చుని టీ తాగారు. డయానా గారు టీ తర్వాత సీసాడు నీళ్లు కూడా తాగేశారు. సొలొమోను గారు అది చూశారు. పెళ్లయినప్పట్నుంచీ ఎన్ని బస్సులు, ఎన్ని కార్లు ఎక్కారో. ఆయన దిగి టీ తాగడం, ఆవిడ సీట్లోంచి కదలకపోవడం.

"డయానా, ప్రయాణాల్లో నీకు దాహం వెయ్యదనేదానివి కదా?"

"వేస్తోందంటే ఏం చేసేవారు?" అన్నారావిడ మామూలుగా. 

 ఆయన లేచి, ఖాళీ బకెట్ నింపుకురావడానికి వెళ్లారు. మరో బస్సు లైట్లు దగ్గరకొస్తున్నాయి.

అందుచేత నేను చెప్పేదేమిటంటే, వెంటనే వ్యాన్ కొనండి. భార్యకొకటి, అమ్మకొకటి, అత్తగారికొకటి. ఖర్చని వెనకాడకండి. రోడ్డు పక్కన ఓ టాయిలెట్ కట్టి, నీళ్లు పెట్టి, తాళం తీసి ఉంచడం ఎంత కష్టమైన పనో ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాం కదా. దానికంటే ఇదే తేలిక.