పసుపు రాసిన అప్పీలు

కూర్మయ్య ఆ సోమవారం పొద్దున్న పెట్టుకున్న పని ఒక్కటే. ఢిల్లీ ప్లీడరుకు కాగితాలు కొరియర్లో పంపేసి, పదకొండు గంటలకల్లా వచ్చి కొట్టు తెరవాలి. శ్రీకాకుళంలో అతనిది జీడిపప్పు, చింతపండు టోకు వ్యాపారం. ఒకప్పుడు కొట్టు వెనకున్న గోదాముకు పక్క సందులోంచి బండి వెళ్లేది. ఆ సందు మొగలో, స్థలం తనదంటూ భార్య అన్నగారు అప్పలసూరి గోడ కట్టాడు. పద్దెనిమిదేళ్లుగా బస్తాలన్నీ కొట్టులోంచే మనుషుల నెత్తి మీద వెళ్తున్నాయి. కింది కోర్టు, జిల్లా కోర్టు, హైకోర్టు మూడూ అప్పలసూరి వైపే చెప్పాయి.

మిగిలింది సుప్రీంకోర్టు. అక్కడ నేరుగా అప్పీలు వేయడానికి లేదట. అప్పీలు వేసుకోనివ్వమని ముందు అనుమతి అడగాలట. సరుకు బేరానికి ముందు కొట్టు గడప ఎక్కడానికి ఒక బేరమన్నమాట అని కూర్మయ్య లెక్క కట్టుకున్నాడు. తొంభై రోజుల గడువులో పదకొండు మిగిలాయి.

కాగితాల కవరు దేవుడి దగ్గర పెట్టి తీస్తూ, భార్య పద్మకుమారి శుభలేఖకు రాసినట్టు నాలుగు మూలలా పసుపు రాసింది. కూర్మయ్య వారించబోయి ఆగాడు. మూడుసార్లు పసుపు లేకుండా పంపి ఓడాడు. చిటికెడు పసుపుతో నష్టమేముంది?

నష్టం కొరియర్ ఆఫీసులో మొదలైంది. కవరు తూకం వేస్తూ గుమాస్తా కొండబాబు పసుపు మూలలు చూసి, "అమ్మాయి పెళ్లా బాబూ? సెప్పనేదే" అన్నాడు. ఆ ఆఫీసు ఎదురుగానే అప్పలసూరి రోజూ టీ తాగుతాడు. సుప్రీంకోర్టు మాట చెవిన పడిందా, తన వాదన వినకుండా ఏమీ చెయ్యొద్దని ముందే అక్కడ కేవియట్ వేసేస్తాడు. పోటీ వ్యాపారికి కొనుగోలు ధర చెప్పే అలవాటు కూర్మయ్యకు లేదు. "ఊఁ, అదే" అన్నాడు.

కవరు మీద ప్లీడరు పేరు, ఇంటి చిరునామా తప్ప మరేమీ లేవు. మధ్యాహ్నానికల్లా ఊరివాళ్ల నోట పెళ్లికొడుకు ఢిల్లీలో ఉన్నాడు. రెండు గంటలకు అతనికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. మూడింటికి షామియానాల ఎర్రన్న వచ్చి గోదాము ముందు పెరడు కొలిచాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి కనక, కూర్మయ్య టేపు రెండో కొస పట్టుకున్నాడు. నాలుగింటికి, కాలేజీలో లెక్కలు చెప్పే కూతురు రాధిక ఫోన్ చేసింది. స్టాఫ్ రూములో అందరూ అడుగుతున్నారనీ, పెళ్లికొడుకు పేరేమిటో తనకు కూడా చెబితే బాగుంటుందనీ అంది.

అయిదింటికి అప్పలసూరి వచ్చాడు. పద్దెనిమిదేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. వెనక ఇద్దరు తాపీ పనివాళ్లు, చేతుల్లో గునపాలు.

"ఏటి బావ, కోర్టు గొడవ కోర్టులోనే ఉన్నాది. పిల్లని బుట్టలో ఎత్తుకుని పీటలకాడికి తేవాల్సిన మేనమావని నేను. మొదటి శుభలేఖ నాకు రావాల గానీ ఢిల్లీకి ఎల్తాదా?"

మేనకోడలి పెళ్లికి వచ్చేవాళ్లు బస్తాల మధ్యనుంచి దూరి రావడం తను చూడలేనంటూ, గోడ తీసేయమని పనివాళ్లకు చెప్పాడు.

వీధి వీధంతా చేరింది. మొదటి ఇటుక పడింది. కూర్మయ్య లెక్క కట్టాడు. నిజం చెబితే గోడ నిలుస్తుంది. చెప్పకపోతే పెళ్లి చెయ్యాలి. గోడ పూర్తిగా పడ్డాక చెబితే? అదే గిట్టుబాటుగా తోచి, పనివాళ్లను ఉత్సాహపరచడానికి టీలు, పకోడీలు తెప్పించాడు. పకోడీలు తింటూ వాళ్లు పని ఆపేశారు. గోడ మోకాలెత్తు మిగిలిపోయింది.

అప్పుడే పద్మకుమారి అన్నగారికి మంచినీళ్లు తెచ్చింది. ఇన్నేళ్లకు ఇంటికొచ్చిన మనిషి కళ్లు తుడుచుకోవడం చూసి, ఇక దాచలేకపోయింది.

"పెళ్లి నేదు అన్నియ్యా. అది నీ మీద ఢిల్లీ కోర్టుకి ఎల్లిన కాగితం."

పకోడీలు నమలడం కూడా ఆగిపోయింది. అప్పలసూరి బావ వైపు తిరిగాడు.

"నా మీద కేసుకి పసుపు రాసి పంపినావా బావ?"

"రాసినాది నీ సెల్లెలు" అన్నాడు కూర్మయ్య.

"బొట్టెట్టడం మర్సిపోనాను" అంది పద్మకుమారి.

అప్పలసూరి మోకాలెత్తు గోడను చూశాడు. వీధి పొడవునా నిలబడ్డ జనాన్ని చూశాడు. అతనూ వ్యాపారే. మేనకోడలి కోసమని అందరెదుటా తీసిన గోడను మళ్లీ కట్టుకుంటే మిగిలేదేమిటో లెక్క వేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"మిగిలింది కూడా కొట్టీండిరా. కేసు నువ్వు సూసుకో బావ. పెళ్లికొడుకుని నేను సూస్తాను."

తనకు నచ్చితేనే అని రాధిక షరతు పెట్టింది. మర్నాడు సరుకు బండి గోదాము గుమ్మం దాకా వెళ్లింది. కూర్మయ్య తృప్తిగా ఢిల్లీకి ఫోన్ చేసి, పిటిషన్ ఆపేయమన్నాడు. ఇచ్చిన ఫీజు మాత్రం తిరిగి రాదని ప్లీడరు చెప్పాడు. అయితే ఆపొద్దన్నాడు కూర్మయ్య. డబ్బు తీసుకున్నాక సరుకు దిగాల్సిందే.

నాలుగు నెలలకు ప్లీడరు ఫోన్ చేశాడు. నోటీసు అందినా అప్పలసూరి తరఫున ఎవరూ హాజరు కాలేదనీ, అప్పీలుకు అనుమతి దొరికిందనీ, ఇక గట్టిగా పోట్లాడవచ్చనీ ఉత్సాహంగా చెప్పాడు. ఆ సమయానికి కూర్మయ్య, అప్పలసూరి కొత్తవలసలో పెళ్లికొడుకు వారింట ఒకే సోఫాలో కూర్చుని కాజాలు తింటున్నారు. పోట్లాడటానికి ఆ నెలంతా ఇద్దరికీ తీరిక లేదు.