తుప్పే మా ఇంటి పరువు

తుప్పును మించిన వరం ఈ కలియుగంలో లేదు! నవ్వకండి. పదకొండేళ్ళ అనుభవంతో చెబుతున్నాను.

నటేశన్ నగర్‌లో మా ఇంటి వాకిట్లో మా నాన్నగారి కాలంనాటి అంబాసిడర్ ఒకటి ఉంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పటి దాని రంగుకు తెలుగులోనూ తమిళంలోనూ మాట లేదు. దాన్ని ఇంట్లోనే, నా స్వహస్తాలతో, తక్కువ ఖర్చులో కొత్తదానిలా చేస్తానని పదకొండేళ్ళ కిందట మా ఆవిడ ధనభాగ్యానికి మాటిచ్చాను. ఆవిడ చెల్లెలు భువనేశ్వరి ఉండేది విల్లియనూరులో. బస్సులో నిలబడి, దిగి, ఎండలో నడిచే బాధ తప్పుతుందని ధనభాగ్యం ఆశ. ఆశపడటం తప్పు కాదు. తొందరపడటమే తప్పు.

మీరే చెప్పండి, తుప్పు కారుకున్న సుఖాలు కొత్త కారుకున్నాయా? దొంగ రాడు. వచ్చినా జాలిపడి పోతాడు. పెట్రోలు ధర పెరిగిందని లోకమంతా గుండెలు బాదుకుంటుంటే నేను హాయిగా కాఫీ తాగుతాను. ఏసీ దేనికి? కింద నుంచి, పక్క నుంచి, డిక్కీలోంచి సముద్రపు గాలి! ఎదురింటి మణిమారన్ కొత్త కారు కొన్నాడు. పాపం, దాని మీద చిన్న గీత పడిందని రెండు రోజులు అన్నం తినలేదు. మా బండికి ఆవు వచ్చి ఒళ్ళు రుద్దుకున్నా ఎవరికీ నొప్పి లేదు.

ఇక నేను నేర్చుకున్న విద్యలు! యూట్యూబ్‌లో వంద వీడియోలు చూశాను. తుప్పు వదలడానికి ఒకాయన ఏదో ఖరీదైన మందు చెప్పాడు. మనకెందుకు? ఇత్తడి బిందెకు పనికొచ్చే చింతపండు బంపరుకు పనికిరాదా? ఇంట్లో ఉన్నదంతా నానబెట్టి రుద్దాను. బంపరు తళతళలాడింది. మర్నాడు వంటింట్లోంచి కేక.

"చారులోకి చింతపండు యాడండీ?"

"బంపరు మీద ఉంది."

"ఏందీ?"

ఆ వారమంతా మజ్జిగన్నమే. ఒంటికి చలవ. చూశారా, తుప్పు వల్ల ఆరోగ్యం కూడా!

ఫ్లోరుకు పడిన చిల్లులకు పాత నువ్వులనూనె డబ్బా కత్తిరించి అతికించాను. ఎడమవైపు సీట్లో కూర్చున్నవారు తల వంచితే కాళ్ళ మధ్య "శుద్ధమైన నువ్వులనూనె, పదిహేను కిలోలు" అని చదువుకోవచ్చు. ఏ విదేశీ కారులో ఉందండీ ఈ సదుపాయం?

భక్తికీ లోటు చేయలేదు. ఏటా ఆయుధపూజకు బోరు నీళ్ళు తొమ్మిది బకెట్లు పోసి కడుగుతాను. గంధం, కుంకుమ, పూలదండ, దిష్టికి బూడిదగుమ్మడికాయ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పూజయ్యాక బండి ముందుకు కదిలి ఆ నిమ్మకాయలు చితకాలి, అదీ ఆచారం. మా బండి కదలదు. కాబట్టి దుమ్ము పడకుండా వెంటనే టార్పాలిన్ కప్పేస్తాను. నిమ్మకాయలు అక్కడే ఎండిపోతాయి. ఇప్పటికి నలభై నాలుగు!

ఈ ఏడు పూజకు వారం ముందు, నేను ఆఫీసుకు వెళ్ళిన సమయం చూసి ధనభాగ్యం కురుచికుప్పం నుంచి చెంగల్రాయన్‌ను పిలిపించింది. పడవల ఇంజన్లు బాగుచేసే మనిషి. నేను వచ్చేసరికి టార్పాలిన్ కింద తల దూర్చి ఉన్నాడు. బయటికి వచ్చి, పక్కనున్న బోరు నీళ్ళ బకెట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఈ నీళ్ళతోనే కడుగుతారా సార్?"

"ఏటా. భక్తితో."

"కడిగేసి తడిమీదే మూసేస్తా ఉండారు. మీరు కారు కడుగుతా ఉండారా, ఉప్పుచేప ఊరేస్తా ఉండారా?"

నా పదకొండేళ్ళ భక్తికి దక్కిన ఫలం అదీ! మూడు రోజుల్లో ఇంజన్ గర్జించింది. బ్రేకులు కూడా బిగించాడు. ఫ్లోరు రేకు మాత్రం పండగయ్యాక మారుస్తానన్నాడు.

ఇక్కడ మీకో చిన్న సంగతి చెప్పాలి. ఇంతవరకూ సందర్భం రాలేదు. మా ఇంట్లో డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే ఉంది. అది నాది కాదు. నేను టెస్టుకు మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ రివర్సులో... పాత సంగతులెందుకు లెండి. ధనభాగ్యం యాభై ఒకటో ఏట వెళ్ళి మొదటిసారే పాసయింది. ఆ కార్డు నాలుగేళ్ళుగా బీరువాలో పట్టుచీరల కింద ఉంది. తోలడానికి బండి సిద్ధం కాలేదు మరి. ఎందుకు కాలేదో మీరు అడగకూడదు.

పూజనాడు ఆవిడ నా చేతిలోంచి బకెట్ లాక్కుని, బండిని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిచింది. నిమ్మకాయలు పెట్టి స్టీరింగ్ ముందు కూర్చుంది. నాలుగూ చితికాయి. ఆ చప్పుడుకు ఆవిడ మొహం వెలిగిపోయింది. నాకు అటు చూడబుద్ధి కాలేదు. విల్లియనూరు దాకా నువ్వులనూనె డబ్బా మీద కాళ్ళు ఆనకుండా ఎత్తిపట్టుకుని కూర్చున్నాను.

మేము దిగి నిలబడ్డాక భువనేశ్వరి పరుగున బయటికి వచ్చింది.

"అమ్మో! ఎవరక్కా తోలుకొచ్చింది?"

ధనభాగ్యం ఒక్క క్షణం నావైపు చూసింది.

"ఇంకెవురు? మీ బావే."

అని తాళం నా చేతిలో పెట్టింది. నేను తలూపాను. సిగ్గేసింది, అబద్ధం చెప్పను. అయినా ఊపాను.

"అయితే బావా, నన్ను గుడి దాకా దింపు. వీధంతా చూడాల!"

ఇప్పుడు చెప్పండి, ఆ గండం నుంచి నన్ను కాపాడిందెవరు? "వద్దమ్మా, కిందంతా తుప్పు! కాలు జారితే రోడ్డు మీదే!" అన్నాను. ఎంత చక్కగా సరిపోయిందో! అందుకే అంటున్నాను, తుప్పు వరమని. తిరిగి వచ్చేటప్పుడు భువనేశ్వరి తలుపు మూసుకునేదాకా నేనే స్టీరింగ్ ముందు కూర్చున్నాను. తర్వాత సీట్లు మారాం.

 ధనభాగ్యం మా వాకిట్లోకి బండిని రివర్సులో, ఒక్క ఊపున, గోడకు జానెడు దూరంలో తెచ్చి నిలిపింది. ఇంజన్ ఆపి, అప్పుడు అడిగింది.

"వచ్చే వారం చెంగల్రాయన్ కింద రేకు మార్చేస్తాడు. ఇంక యాడా తుప్పుండదు. అప్పుడు భువనకు ఏం చెప్తారు?"

పాఠకులారా, వారమే ఉంది. ఏం చెప్పమంటారు?