సామాన్ల గది దర్శనం

ఆ ఆదివారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకంలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. పెందలాడే గుడికి వెళ్ళాలి. సామాన్ల గది తాళం తీయించాలి. అందులో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలన్నీ పక్కనున్న హాల్లో వేయించాలి. ఆ తర్వాత వాటి నిండా మనుషుల్ని కూర్చోబెట్టాలి. చివరిది తప్ప మిగతావన్నీ చేతిలో పనులే. చివరిది మాత్రం దేవుడి చేతిలో ఉంది కాబట్టే, కార్యక్రమం గుడిలో పెట్టారు.

అతను పనిచేసేది ఒక బీమా ఆఫీసులో. ఆ ఆఫీసు మేనేజరే ఈ గుడి కమిటీకి అధ్యక్షుడు. ఆఫీసులో ఎవరూ తన మాట వినడం లేదని ఆయన గుడికి అధ్యక్షుడయ్యారు. గుడిలోనూ వినడం లేదని ఉపన్యాసాలు మొదలుపెట్టారు. ఆయన హయాంలో గుడిలో ఖాళీ గోడ అన్నది లేకుండా పోయింది. 'దేవుని ముందు అందరూ సమానులే', 'వరస తప్పడం సంస్కారం కాదు', 'పక్కవాడిలో దేవుణ్ణి చూడు' అంటూ ఎటు చూసినా సూక్తులే. ప్రతి సూక్తి కిందా, దానికంటే కాస్త పెద్ద అక్షరాల్లో, ఆయన పేరూ హోదా, పక్కన ఫొటో. గుమాస్తాను పట్టుకొచ్చి కార్యదర్శిని చేసింది కూడా ఆయనే. ఆఫీసులో ఫైళ్ళు మోసేవాడు గుడిలో కుర్చీలు మోయలేడా అని ఆయన ఉద్దేశం.

ఆ రోజు ఉపన్యాసం 'సమాజ జీవనంలో దేవాలయం పాత్ర' అనే విషయం మీద. ముఖ్య అతిథి పై ఆఫీసుకు కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు. మేనేజరు ఆయన పేరు వినడమే గానీ మనిషిని చూడలేదు. అయినా ఆయన ముందు తన పలుకుబడి ఎంతటిదో చూపించాలని తహతహలాడిపోతున్నారు. అందుకే రెండు రోజుల ముందు గుమాస్తాను గదిలోకి పిలిచారు.

"చూడవయ్యా, ఈసారి బదిలీల్లో నీ పేరుంది. ఆ కొండల అవతలి బ్రాంచికి. హాలు నిండిందనుకో, నీ పేరు తీయించే పూచీ నాది. నిండలేదనుకో, పెట్టె సర్దుకో."

కొండల అవతలి బ్రాంచి అంటే రైలు కూడా వెళ్ళడానికి మొహమాటపడే చోటు. గుమాస్తా భార్యకు ఇక్కడి బడిలో ఉద్యోగం. ఆమె వదులుకుని రాలేదు, అతను మానేసి ఉండలేడు. వారానికొకసారి బస్టాండులో కలుసుకుని బట్టల సంచులు మార్చుకునే మొగుడూపెళ్ళాల జంటలు అతని ఆఫీసువాళ్ళలోనే మూడున్నాయి. భార్యంటే అతనికి ప్రాణం. ఆ ముక్క ఆమెకు ఎన్నడూ చెప్పలేదు గానీ, బదిలీ మాట విన్న రాత్రి మాత్రం అన్నం సయించలేదు. బంధువులనూ, ఆఫీసువాళ్ళనూ, చివరికి పాలవాణ్ణి కూడా ఉపన్యాసానికి రమ్మని బతిమాలాడు. అందరూ తప్పకుండా వస్తామన్నారు. అంత సులభంగా ఒప్పుకున్నప్పుడే అతనికి అనుమానం రావలసింది.

అతను వెళ్ళేసరికి సామాన్ల గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉండే కాపలా తాత టీ తాగడానికి వెళ్ళాడు. ఆ గది గుడి వెనక గోడను ఆనుకుని ఉంటుంది. గర్భగుడి తలుపుకు వేయగా మిగిలిన రంగును పారబోయడం ఇష్టంలేక కమిటీవారు ఆ గది తలుపుకు పూయించారు. దాంతో అదీ ఎంతో పవిత్రంగా కనిపిస్తుంది. గుమాస్తా ఆ తలుపు ముందు నిలబడ్డాడు. బదిలీ గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, తలుపుకు నుదురు ఆనించాడు.

"స్వామీ, ఆ తాళంచెవి మనిషిని త్వరగా పంపించు!"

"ఎంతసేపు పడుతుందంటావు బాబూ?" అని వెనక నుంచి వినిపించింది. తిరిగి చూస్తే సందు చివర బట్టలు కుట్టే ఆవిడ, చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలబడి ఉంది.

ఉపన్యాసానికి వచ్చిన మొదటి మనిషి ఈవిడే అనుకుని అతను పొంగిపోయాడు. "తాళం తీయగానే అయిపోతుందండీ. మీరు రావడమే గొప్ప."

"తాళం ఎప్పుడు తీస్తారు?"

"అది మన చేతిలో లేదండీ. ఆ మనిషి రావాలి."

ఆవిడ భక్తిగా తలూపి, అతని వెనకే సర్దుకుని నిలబడింది. ఆవిడ వెనక ఒక అమ్మాయి. ఆ అమ్మాయి వెనక గొడుగు పట్టుకున్న పెద్దమనిషి. గుమాస్తా ఫోనులో తాత నంబరు వెతికి తలెత్తేసరికి వరస గోడ మలుపు దాకా వెళ్ళింది. వాళ్ళ వాలకం చూశాక గానీ సంగతేమిటో అతనికి బోధపడలేదు.

"అయ్యో, ఇది సామాన్ల గది అండీ! లోపలేమీ లేదు. కుర్చీలున్నాయి, అంతే!"

"అలాగే బాబూ," అంది కుట్టుపని ఆవిడ. "అందుకే గదా పొద్దున్నే వచ్చి, తలుపుకు తల ఆనించి మరీ నిలబడ్డావు."

"మనల్ని పంపించేసి తానొక్కడే చూద్దామని," అన్నాడు గొడుగు పెద్దమనిషి, వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా. ఆ మాటతో ఇంకో పదిమంది చేరారు.

ఈ సందడికి పూజారి గుడి పక్క ద్వారంలోంచి తొంగి చూశారు. ఆయన దగ్గర పొద్దుటి నుంచి ఒక్కరు లేరు. "ఇటు రండి బాబూ! దేవుడు ఇటున్నాడు!" అని పిలిచారు.

"తెలుసండీ," అంది వరసలో ఒకావిడ నెమ్మదిగా. "ఆయన రోజూ ఉంటాడుగా!"

అంతలో రంగంలోకి విజిలు మాస్టారు దిగారు. బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైనా, జేబులో విజిలు మాత్రం రిటైరు కాలేదు. ఒక వరస, అదీ వంకరగా, కంటపడేసరికి ఆయనకు పోయిన ప్రాణం లేచివచ్చింది. విజిలు ఊది, ఆడవాళ్ళనూ మగవాళ్ళనూ ఒకే గీత మీదికి తెచ్చి, తోసుకునేవాళ్ళను చివరికి పంపి, క్షణాల్లో ఆ గుంపును చూడముచ్చటగా తీర్చిదిద్దారు.

గుమాస్తా కాపలా తాతకు ఫోను చేశాడు. "ఎక్కడున్నావు తాతా? కొంపలంటుకుంటున్నాయి!"

"గుళ్ళోనే ఉన్నా బాబుగారూ. వరసలో ఉన్నా."

"ఏ వరసలో?"

"ఏమోనండీ, పే... ద్ద వరస. గుడి చుట్టూ తిరిగింది. అందరూ నిలబడ్డారని నేనూ నిలబడ్డా. ముందెవరో తలుపు తీస్తారంట. దర్శనం చేసుకుని తాళంచెవి పట్టుకొచ్చేస్తా."

"ఓరి దేవుడా! నువ్వు నిలబడ్డది నీ తలుపు కోసమే!"

గుమాస్తా పరుగున గుడి చుట్టూ తిరిగి, చివర ఉన్న తాత దగ్గర తాళంచెవి లాక్కుని, అంతే పరుగున వెనక్కి వచ్చాడు. మలుపు దగ్గర విజిలు మోగింది.

"ఎక్కడికి?" అన్నారు మాస్టారు.

"ముందుకండీ. ఇందాక మొదట నిలబడ్డది నేనే."

"ఈ ముక్క ఇప్పటికి చాలామంది చెప్పారు. చివరికి పద."

"మాస్టారూ, నేను కమిటీ కార్యదర్శిని!"

"అయితే మరీ మంచిది. అందరికీ ఆదర్శంగా అందరికంటే వెనక నిలబడాలి."

అలా ఆ వరసలో మొదటివాడు చివరివాడయ్యాడు. తాళంచెవి అతని జేబులో, తలుపు గుడికి అటువైపున.

మనుషులన్నాక, కదలని వరసలో ఎంతసేపని నోరు మూసుకుంటారు? మాటలు మొదలయ్యాయి. ఒకే గోడకు అటూ ఇటూ ఏళ్ళ తరబడి కాపురముంటూ, టీవీ చప్పుడు గురించి గోడ మీద గుద్దుకోవడమే తప్ప మొహాలు చూసుకోని ఇద్దరు ఇల్లాళ్ళు ముందూ వెనకా నిలబడి, ఎవరింటి గోడ ఎక్కడ చెమ్మగిల్లుతోందో చెప్పుకున్నారు. పెద్దావిడ ఒకరు పంటి నొప్పితో మూలుగుతుంటే, గొడుగు పెద్దమనిషి పళ్ళ డాక్టరని తేలింది. కుట్టుపని ఆవిడకు సరిగ్గా వెనకే, నెల రోజులుగా జాకెట్టు కోసం తిరుగుతున్న అమ్మాయి దొరికింది. ముందుకు పోదామంటే తలుపు, వెనక్కి పోదామంటే ఆ అమ్మాయి. ఆవిడ జన్మలో మొదటిసారి ఒక తేదీ చెప్పి, దేవుడి మీద ఒట్టు వేసింది.

వరస మధ్యలో గుమాస్తా భార్య ఉంది. ఉపన్యాసానికని వచ్చి, హాలు ఖాళీగా కనిపించేసరికి ఇటు వచ్చింది. ఆమె వెనక, మామూలు చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు నిలబడ్డారు. కారు సందు మొదట్లోనే ఆపి నడిచి వచ్చారట.

"ఇక్కడేముందమ్మా?" అని అడిగారాయన.

"ఇది సామాన్ల గదేనని మా ఆయన ఎప్పుడో చెప్పారండీ. కానీ ఇంతమంది నిలబడ్డారంటే ఆయనకు తెలియనిదేదో ఉండే ఉంటుంది." ఆమె నిట్టూర్చింది. "నేనైతే ఒకటే కోరుకుందామని నిలబడ్డా. ఈ రోజు హాలు నిండకపోతే ఆయన్ని కొండల అవతలికి బదిలీ చేస్తారట. ఆ మనిషికి వేణ్ణీళ్ళు కాచుకోవడం కూడా రాదండీ. ఆయన లేకుండా ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుంటేనే నాకు ఏడుపొస్తోంది."

"హాలు నిండటానికీ బదిలీకీ ఏమిటి సంబంధం?"

"నేనూ అదే అడిగానండీ. ఆఫీసు సంగతులు నీకు అర్థం కావన్నారు."

"నాకూ అర్థం కావడం లేదమ్మా," అన్నారు పెద్దాయన. "నేను పనిచేసేదీ ఆఫీసులోనే."

సరిగ్గా అప్పుడు అధ్యక్షుడు వేంచేశారు. హాల్లోకి చూశారు. హాల్లో మైకు, మైకు ముందు నేల, నేల మీద ఒక పిల్లి. ఆయన మొహం మాడిపోయింది. బయటికి వచ్చి, జనాన్ని చూసి, ముందేదో దర్శనం జరుగుతోందనుకుని, అలవాటు ప్రకారం తిన్నగా ముందుకు నడిచారు. వరస మధ్యలో ఆ పెద్దాయన చేయి అడ్డం పెట్టారు.

"వెనక నుంచి రండి సార్."

"నేనెవరో తెలుసా?"

"తెలుసండీ, ఇప్పుడే గోడ మీద చదివాను. 'దేవుని ముందు అందరూ సమానులే.' కింద మీ పేరూ ఫొటో ఉన్నాయి."

జనం ఘొల్లున నవ్వారు. మాస్టారు విజిలు ఊదారు. అధ్యక్షుడు తన సూక్తుల పక్క నుంచే నడుచుకుంటూ, ఒక్కొక్కటీ చదువుకుంటూ, చివరికి చేరారు. అక్కడ గుమాస్తా కనిపించాడు.

"ఏమయ్యా! కుర్చీలేవి?"

"సామాన్ల గదిలో ఉన్నాయండీ."

"తాళంచెవి ఎక్కడ తగలేశావు?"

"నా జేబులోనే ఉందండీ."

"మరి తీసి ఏడవ్వేం?"

"వరసలో ఉన్నానండీ."

గుమాస్తా తెగించి మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. మాస్టారు చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు. మనిషి వరస దాటడానికి వీల్లేదు గానీ, తాళంచెవి దాటితే అభ్యంతరం లేదు. దాంతో తాళంచెవి చేతులు మారుతూ బయలుదేరింది. తొలుత ఎవరో దాన్ని కళ్ళకద్దుకుని ముందుకు అందించారు. తర్వాతివాళ్ళు అద్దుకోకపోతే బాగుండదని అద్దుకున్నారు. సామాన్ల గది తాళంచెవి గుడి చుట్టూ ఊరేగి, పళ్ళ డాక్టరు దాకా వచ్చేసరికి, దాన్ని అందుకోవడానికి జనం చేతులు తుడుచుకుంటున్నారు.

కుట్టుపని ఆవిడ తాళం తీసింది. తలుపు తెరుచుకుంది. లోపల పై కప్పు దాకా పేర్చిన కుర్చీలు, ఒక విరిగిన నిచ్చెన, రెండు రంగు డబ్బాలు.

అంతసేపు నిలబడ్డాక ఏమీ లేదని ఒప్పుకునేంత అమాయకులు అక్కడెవరూ లేరు. కుట్టుపని ఆవిడ ముందుకెళ్ళి, ఒక కుర్చీ దించి, కళ్ళకద్దుకుని, చంకన పెట్టుకుంది. "ఒకరికి ఒకటే! ఒకరికి ఒకటే!" అని మాస్టారు అరిచారు. ఆ కేక వినగానే, కుర్చీలు అయిపోతాయేమోనన్న భయం వరస చివరి దాకా పాకింది. ఒక్కరు కూడా వదులుకోలేదు. కాళ్ళు పీకుతున్నాయి, చేతిలో కుర్చీ ఉంది, ఎదురుగా హాల్లో నీడ ఉంది. అందరూ వెళ్ళి కూర్చున్నారు. మాటలు మధ్యలో ఉన్నాయి కాబట్టి, వరసలో ఎవరి పక్కనున్నవాళ్ళు వాళ్ళ పక్కనే వేసుకున్నారు. హాలు నిండి, వరండా కూడా నిండింది. గుమాస్తా గుమ్మంలో నిలబడి, ఆ తలలన్నీ చూసి, ఏడుపొకటే తక్కువగా నవ్వాడు.

అధ్యక్షుడు మైకు ముందుకు వచ్చారు. ముఖ్య అతిథి కారు జాడ లేకపోయినా, ఇంత జనాన్ని వదులుకోవడం ఆయన తరం కాలేదు.

"నేటి సమాజంలో మనిషికి మనిషి కరువయ్యాడు. ఒకరి పక్కన ఒకరు కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకునే రోజులు పోయాయి... దయచేసి మాట్లాడకండి! ఒకప్పుడు దేవాలయంలో ఇరుగుపొరుగు కష్టసుఖాలు చెప్పుకునేవారు... అమ్మా, ఆ గోడ చెమ్మ సంగతి తర్వాత చెప్పుకోండి! పక్కవాడి బాధ మన బాధ అనుకున్నప్పుడే... డాక్టరుగారూ, ఆవిడ నోరు మూయించండి, పన్ను తర్వాత చూద్దురు గాని!"

మనుషులు కలిసి మాట్లాడుకోవలసిన అవసరం గురించి ఆయన ఆ హాలును మాట్లాడవద్దని బతిమాలుతూ చాలాసేపు చెప్పారు. చివర్లో, దురదృష్టవశాత్తూ ముఖ్య అతిథి రాలేకపోయారని ప్రకటించారు.

"వచ్చానండీ," అంటూ హాలు మధ్యలోంచి మామూలు చొక్కా పెద్దాయన లేచారు. గుమాస్తా భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అధ్యక్షుడు మైకు వదిలి పక్కకు తప్పుకున్నారు. పెద్దాఫీసరు తన కుర్చీ తానే మోసుకుని వేదిక దగ్గరికి వచ్చారు.

"అధ్యక్షులవారు చెప్పినవన్నీ ఇందాక వరసలో కళ్ళారా చూశాను. ఆయన మా సంస్థలో ఉండటం మా అదృష్టం. ఇంతటి వక్తను, ఇప్పటికే ఇంత బాగా మాట్లాడుకుంటున్న మీ మధ్య ఉంచడం న్యాయం కాదు. కొండల అవతల మాకొక బ్రాంచి ఉంది. అక్కడ పలకరించే దిక్కు లేదు. వారి సేవలు అక్కడికి అవసరం. ఇంకెవరినీ పంపే ఆలోచన లేదు."

చప్పట్లు మారుమోగాయి. అధ్యక్షుడు అలవాటుగా చేతులు జోడించి అందరికంటే ముందు కృతజ్ఞతలు చెప్పేశారు. విన్నదేమిటో ఆయనకు తర్వాత అర్థమైంది. ఇంటికి వెళ్ళే దారిలో గుమాస్తా తన భార్య చేయి పట్టుకుని, ఇన్నేళ్ళుగా చెప్పని ముక్క నీళ్ళు నములుతూ చెప్పాడు. "తెలుసులెండి," అంది ఆమె, చేయి మాత్రం వదలకుండా.

ఖాళీ అయిన అధ్యక్ష పదవి అడ్డుచెప్పడం చేతకాని గుమాస్తా నెత్తిన పడింది. అతను గోడ మీద ఒక్క సూక్తి రాయించలేదు, ఒక్క ఉపన్యాసం పెట్టించలేదు. ప్రతి ఆదివారం పొద్దున, తలుపు ముందు వరస నిలబడ్డాక, సామాన్ల గది తాళంచెవి ఒక గంటసేపు కనబడకుండా చూసుకోవడం తప్ప అతను ఆ గుడికి చేసిన సేవ ఏమీ లేదు.